తెలుగు రాదని చెప్పు

"ఒక్క మాట బేటీ. దానికి ఇంత సోంచాయించుడెందుకు? నీకు తెలుగు సరిగ రాదని చెప్పు. ఒకటి అనబోయి ఒకటి అన్ననని చెప్పు. అయిపోతది."

అమీర్ అలీ ఈ మాట అనడం పొద్దున్నుంచి ఎన్నోసారో ఆయనకే తెలియదు. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కోడలి మొహం చూడకుండా, ఎదురుగా ఉన్న బియ్యం డబ్బాకు చెబుతున్నట్టు చెబుతున్నాడు. శామీర్‌పేటలో మోటార్లు వైండింగ్ చేసే మనిషి. కాలిపోయిన మోటారు దగ్గర చూపించే ఓపికంతా ఇవాళ ఇంట్లో చూపిస్తున్నాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వాళ్లలో వాళ్లు పోట్లాడుకుంటే ఉర్దూలో పోట్లాడుకుంటారు. ఐజాన్‌ను ఏమైనా అనాలంటే తెలుగులోకి దిగుతారు. కిర్గిజ్ దేశం నుంచి లాల్‌గడి మలక్‌పేటకు కోడలిగా వచ్చిన ఐజాన్‌కు ఉర్దూ కంటే ముందు తెలుగే పట్టుబడింది మరి. ఆమె మొగుడు ఫర్హాన్ బిష్కెక్‌లో మెడిసిన్ చదివే రోజుల్లో అతని గదిలో ఉన్నవాళ్లంతా మనవైపు పిల్లలే. వండుకుంటూ, కొట్లాడుకుంటూ, ఇంటి మీద బెంగపడుతూ వాళ్లు మాట్లాడిన తెలుగు ఆమె చెవిన పడింది అక్కడే. ఇక్కడికొచ్చాక పాలు పోసే రుక్కమ్మ దాన్ని సానబట్టింది. అందుకే ఆదివారం నుంచి ఇంట్లో వినిపించేదంతా తెలుగే.

ఐజాన్ రొట్టెల పిండి కలుపుతోంది. కిటికీలోంచి కనిపించే వెంచర్‌లో పొగమంచు ఇంకా విడవలేదు. ప్లాట్లకు పాతిన సున్నపు రాళ్లు మంచులో పడుకున్న గొర్రెల్లా ఉన్నాయి. వచ్చిన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆమె వాటిని నిజంగానే గొర్రెలనుకుంది. ఎప్పుడు లేచి నడుస్తాయా అని చాలాసేపు నిలబడి చూసింది. వెనకనుంచి ఫర్హాన్ వచ్చి, "అవి లేవవు. ఒక్కోటి ఒక్కోడు కొనుక్కున్నడు," అని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"వింటున్నవా?"

"వింటున్న అబ్బా."

"మరి చెప్తవా?"

"నాకు తెలుగు వస్తది అబ్బా."

"వస్తదని నాకూ తెలుసు. అందుకే రాదని చెప్పుమంటున్న. నిజంగ రానిదానివైతే ఇంత లొల్లి ఎందుకైతుండె?"

పొయ్యి దగ్గరున్న సకీనా చూపు తిప్పకుండానే అంది. "ఆదివారం మాట నోట్లకెళ్లి వచ్చేటప్పుడు ఆగాలె. ఇప్పుడు ఆగితే ఏం ఫాయిదా?"

అత్తగారు అన్నదాంట్లో తప్పేమీ లేదని ఐజాన్‌కూ తెలుసు. పిండి మాత్రం ఎంత పిసికినా చేతికి అంటుకుంటూనే ఉంది.

ఆదివారం జరిగింది ఇంతే. ఐజాన్ తన కోచింగ్ కోసం మేడ్చల్‌లో ఒక చిన్న హాలు తీసుకుని తల్లిదండ్రులను పిలిచింది. ఇంటర్ చదివే పిల్లలను తన దేశంలోని మెడికల్ కాలేజీల్లో సీటుకు తయారుచేయడం ఆమె పని. కాగితాలు, ఇంటర్వ్యూ, కాస్త రష్యన్, అక్కడి చలి, అక్కడి తిండి, అన్నీ ఆమే చెబుతుంది. జనం బాగానే వచ్చారు. విదేశీ మేడం ఒక కారణం, మేడం మొగుడు డాక్టర్ అన్న పేరు రెండో కారణం. అందరికంటే ముందు చేరిన స్రవంతి, అంటే రుక్కమ్మ కూతురు, లేచి నిలబడి అడిగింది. "మేడం, ఆడ చదివి వచ్చినోళ్లు ఈడి లైసెన్స్ పరీక్ష పాస్ గాకపోతే ఏమైతది?"

వేరే ఎవరైనా అయితే, 'మంచిగ చదివితే ఎందుకు పాస్ గావు' అని దాటేసేవారు. ఐజాన్ దాటెయ్యలేదు. "మా ఇంట్లనే ఉన్నడు," అంది. "ఫర్హాన్ మూడుసార్లు రాసిండు. కాలే. ఇంకా డాక్టర్ కాలే. మళ్ల రాస్తడు."

హాలు మొత్తం వెనక వరసలో కూర్చున్న ఫర్హాన్ వైపు తిరిగింది. బహదూర్‌పల్లిలో ఒక ఆస్పత్రిలో డ్యూటీ చేస్తున్నాడని ఊరంతా అనుకుంటున్న మనిషి. అతను రోజూ పోయేది అక్కడి రీడింగ్ రూముకు. ఆ సంగతి ఇంట్లో నలుగురికే తెలుసు. ఆ మధ్యాహ్నంతో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా తెలిసిపోయింది. అప్పటినుంచి ఫర్హాన్ భార్యతో మాట్లాడలేదు.

"సాయంత్రం స్రవంతి నాయిన భిక్షంను రమ్మన్న," అన్నాడు అమీర్ అలీ లేస్తూ. "బిడ్డను చేర్పించిన మొదటోడు ఆయనే. ఆయన నమ్మితే మిగిలినోళ్లు నమ్ముతరు. నీ కోచింగ్ నిలబడతది, మన ఇజ్జత్ నిలబడతది. ఒక్క మాటే గదా బేటీ."

ఒక్క మాటే. కానీ పుట్టిన దేశం, తల్లి, మంచుకొండలు, అన్నీ వదులుకుని వచ్చిన పిల్ల ఇక్కడ సొంతంగా సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే ఆ తెలుగు ఒక్కటే. అదే రాదని చెప్పమంటున్నారు. ఒకసారి రాదన్నాక రేపు ఆమె ఏ మాట అన్నా, 'పాపం ఆమెకు తెలుగు రాదు' అని కొట్టిపారేస్తారు. ఇంత దూరం ఆలోచించే తీరిక అమీర్ అలీకి లేదు. ఆయన బాధ ఆయనది.

*

పాలు పోయడానికి వచ్చిన రుక్కమ్మ రోజూలా పలకరించలేదు. "గిన్నె తే," అంది.

పాలు పోసింది. పోయాల్సినదానికంటే ఇంకాస్త పోసింది. కోపం వచ్చినా ఆమె చెయ్యి అలవాటు మానదు.

"చిన్నమ్మా, నా మీద కోపమా?"

"నీ మీద ఎందుకు బిడ్డా. తప్పు నాది. గీ తెలుగు నేర్పింది నేనే గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పుడు నేర్పిన. యాడ ఊకోవాల్నో నేర్పకపోతిని."

"స్రవంతి ఎట్లుంది?"

"ఎట్లుంటది? తిండి లేదు. మేడం నిజమే చెప్పింది అంటది. వాళ్ల నాయినేమో, ఇన్నొద్దులు డాక్టర్ డాక్టర్ అన్నోళ్లది అబద్ధమా, గీమె చెప్పింది అబద్ధమా, తేలకుంట బిడ్డను పంప అంటడు. సాయంత్రం వస్తున్నంలే."

"నేనేం చెప్పాలె చిన్నమ్మా?"

రుక్కమ్మ క్యాను మూత బిగించింది. "ఇంటి గుట్టు లంకకు చేటంటరు. ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉండాలె. గంతకు మించి నాకు తెల్వదు." గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "గాని నా బిడ్డకు అబద్ధం చెప్తే మాత్రం మీ ఇంటికి పాలు పొయ్య."

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని రుక్కమ్మకు తట్టలేదు. మనలో ఎంతమందికి తడుతుంది గనక.

*

మధ్యాహ్నం ఐజాన్ కోచింగ్ గదిలో ఒక్కతే కూర్చుంది. ఒకప్పుడు ఇది ద్రాక్షపళ్లు సర్దే గది. ఫర్హాన్ చదువుకని తోట అమ్మేసి, అది ప్లాట్లయినా, వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ సన్నగా పులుపు వాసన వస్తుంది. గోడ మీద రష్యన్ అక్షరాలు, కొక్కేనికి ఒక బరువైన ఉన్నికోటు. చేరిన ప్రతి పిల్లకూ ప్రతి పిల్లవాడికీ ఐజాన్ మొదటి రోజు ఆ కోటు తొడిగించి, వీధి చివర కిరాణా దాకా నడిపించి, ఉల్లిగడ్డలు కొనుక్కు రమ్మంటుంది. వచ్చినవి వాళ్లే కోసుకుని వండుకోవాలి. ఊరంతా నవ్వింది. ఆ బరువు మోస్తూ నవ్వులు దాటుకుని వచ్చినవాళ్లకు అక్కడి బతుకు సగం తెలిసినట్టేనని ఆమె లెక్క.

ఫ్యాను తిరుగుతుంటే కోటు చేతులు మెల్లగా ఊగుతున్నాయి. ఐజాన్ కళ్లు మూతలు పడుతున్నాయి. కరాకోల్‌లో తల్లి ఇంటి కిటికీకి పేరుకున్న మంచు, బయట గుర్రాల ఊపిరి ఆవిరి, ఎక్కడో దూరంగా ఎవరో తెలుగులో పిలుస్తున్నట్టు. ఏ ఊళ్లో ఉందో ఒక క్షణం తెలియలేదు.

"నిద్రవోయినవా?"

సకీనా. ఎప్పుడొచ్చిందో, పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ గదిలోకి ఆమె రావడం అరుదు.

"లేదు అమ్మీ."

సకీనా దుపట్టా కొంగు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"వాడు మీ దేశం పోయిననాడు," అంది చివరికి, "నా చేతులతోటి వాని జబ్బకు ఇమామ్ జామిన్ కట్టిన. పైస గుడ్డల సుట్టి కడతం, పోయేటోళ్లు సల్లగ రావాలని. ఎయిర్‌పోర్టుల మీ అబ్బా వానికి ఒక్కటే చెప్పిండు. డాక్టరై రా అన్నడు. పైలంగ పో అని గూడ అనలే."

"తెలుసు అమ్మీ. ఫర్హాన్ చెప్పిండు."

"గిది వానికి గూడ తెల్వదు. తోట అమ్మిననాడు మీ అబ్బా ఏడ్వలే. మూడోసారి రిజల్ట్ వచ్చిననాడు బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిండు. నేను బయట నిలబడ్డ. ట్యాంకు ఖాళీ అయితాందని తెలిసినా నల్లా బందు చెయ్యమనలే." సకీనా లేచింది. "నా కోసం చెప్పకు. ఆయన కోసం చెప్పు బేటీ. ఆయన బజార్ల తల ఎత్తుకొని నడవాలె."

ఆమె పోయాక ఐజాన్ ఏడ్చింది. మామగారి మీద ఉన్న కోపమంతా ఆ ఏడుపుతో కరిగిపోయింది. అప్పుడే నిర్ణయించుకుంది. చెప్పేద్దాం. రాదని చెప్పేద్దాం. పోతే ఒక భాష పోతుంది, అంతే కదా అనుకుంది. అనుకున్నకొద్దీ ఏడుపు ఎక్కువైంది.

*

ఫర్హాన్ ఎక్కడుంటాడో ఆమెకు తెలుసు. అలిగితే చిన్నప్పటినుంచీ శామీర్‌పేట చెరువుకట్టే. ఐజాన్ ఆటో దిగి నడిచింది.

బిష్కెక్‌లో ఉన్నప్పుడు ఆమె తన ఊరి దగ్గరి ఇస్సిక్ కుల్ సరస్సు గురించి చెబితే, చుట్టూ కొండలన్నీ మంచుతో కప్పుకున్నా ఆ నీళ్లు గడ్డకట్టవని చెబితే, ఫర్హాన్ ఊరుకోలేదు. "మా దగ్గర గూడ చెరువుంది," అన్నాడు. అవతలి ఒడ్డు కనిపించదన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ఎన్ని రాత్రులు ఆ చెరువును కలగన్నదో. తీరా వచ్చి చూస్తే అవతలి ఒడ్డు, దాని మీద ఇళ్లు, ఇళ్ల మీద ఆరేసిన బట్టలు, అన్నీ కనిపించాయి. అయినా ఆమెకు కోపం రాలేదు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడికి చెరువు అంత పెద్దదిగానే కనిపించి ఉంటుంది.

ఇవాళ మాత్రం నీళ్ల మీద ఎండ పొడిలా లేచి అవతలి ఒడ్డు నిజంగానే కనిపించడం లేదు. ఫర్హాన్ కట్ట మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. ఒలిచినవి తినడం లేదు. ఆమె పక్కన కూర్చుంది.

"ఎందుకొచ్చినవ్?" అన్నాడు.

"నీకు చెప్పనీకి. సాయంత్రం భిక్షం కాకతోటి చెప్తా, నాకు తెలుగు రాదని."

అతను ఒలవడం ఆపలేదు. "నాకు ముందు చెప్పాల్సింది ఆదివారం ముచ్చట. హాల్ల అందరి ముంగట కాదు. నాకు."

"నిన్ను అడిగిన. రెండోసారి ఫెయిలైనంక అడిగిన, ఊర్ల చెప్పేద్దామా అని. నువ్వు గోడవైపు తిరిగి పండుకున్నవ్."

నీళ్ల మీద ఒక కొంగ దిగింది, అక్కడ నచ్చక లేచిపోయింది.

"మా నాయిన పందెంల గుర్రం మీదికెళ్లి పడ్డ దినం," అంది ఐజాన్, "ఇంటికొచ్చి సుట్టుపక్కలోళ్లను అందర్నీ తిండికి పిలుస్తుండె. అందరు తింటుంటే మా అమ్మ చెప్తుండె. ఇయాల మావోడు పడ్డడు, మళ్ల ఎక్కుతడు అని. మా అమ్మ చెప్పినంక ఇగ ఎవ్వరు నవ్వరు. బయటోళ్లు చెప్తే నవ్వులాట. ఇంటోళ్లే చెప్తే ఇజ్జత్. నేను గట్లనే అనుకొని చెప్పిన. నీ ఇజ్జత్ తీసిన అని అందరన్నంక సమజైంది, ఈడ గట్ల కాదని."

ఫర్హాన్ చేతులు ఆగాయి. "గీ ముచ్చట నాకు ఎన్నడు చెప్పలే."

"నువ్వు అడగలే."

"మరి తప్పు లేదనుకుంటే, రాదని ఎందుకు చెప్తున్నవ్?"

చెప్పాలా వద్దా అని ఆమె నీళ్ల వైపు చూసింది. ఊరుకోవడం నేర్పలేదని రుక్కమ్మ ఊరికే అనలేదు.

"మూడోసారి రిజల్ట్ వచ్చిననాడు అబ్బా బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చిండంట."

ఫర్హాన్ మొహం తిప్పుకున్నాడు. అతని భుజాలు చూస్తే ఆమెకు అర్థమైంది, ఇక మాట్లాడడని. ఒళ్లో ఉన్న పల్లీలు కట్ట మీద పడ్డాయి. ఎత్తుకోలేదు. ఐజాన్ లేచి, వచ్చిన దారినే ఒక్కతే ఇంటికి వచ్చింది. ఆటోలో దారి పొడుగునా ఆ ఒక్క వాక్యాన్నే లోపల అనుకుంటూ వచ్చింది. నాకు తెలుగు రాదు. ఎన్నిసార్లు అనుకున్నా అది శుద్ధమైన తెలుగులోనే వస్తోంది.

*

పొద్దు గూకే వేళకు భిక్షం, రుక్కమ్మ, వాళ్ల వెనక స్రవంతి వచ్చారు. భిక్షం ఆకుకూరలు పండించి మేడ్చల్ రైతుబజారులో అమ్ముతాడు. తక్కువ మాట్లాడే మనిషి. కుర్చీ చూపించినా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. స్రవంతి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఫర్హాన్ ఇంకా రాలేదు.

సకీనా చాయ్ తెచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు.

"ఏం లేదు భిక్షం," అన్నాడు అమీర్ అలీ. "మా బహూ పరాయి దేశపు పిల్ల. మన భాష గాదు. అంతమందిని చూసి గాబరైంది. ఒకటి అనబోయి ఒకటి అన్నది. గా మాట పట్టుకొని నువ్వు పరేషాన్ కాకు. ఆమెనే చెప్తది."

భిక్షం ఆమె వైపు తిరిగాడు. "చెప్పమ్మా."

ఐజాన్ ముందు మామగారిని చూసింది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. రాగి తీగ చుట్టీ చుట్టీ గట్టిపడ్డ వేళ్లు అవి. ఆ వేళ్లను చూశాక ఆమెకు ఇంకేమీ అనుమానం మిగల్లేదు.

"కాకా," అంది. "నాకు తెలుగు..."

"మంచిగ వస్తది."

గుమ్మంలో ఫర్హాన్. చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి. కట్ట మీది దుమ్ము ప్యాంటుకు అంటుకుని ఉంది. ఆదివారం తర్వాత ఆ ఇంట్లో అతను గొంతు విప్పడం ఇదే మొదలు.

"ఆమెకు తెలుగు మంచిగ వస్తది కాకా. ఆమె చెప్పింది నిజం. మూడుసార్లు ఫెయిలైన. ఏ దవాఖానల డ్యూటీ లేదు. ఇన్నొద్దులు మీకు అబద్ధం చెప్పింది నేను. మా అబ్బా నా కోసం చెప్పిండు. అబద్ధం చెప్పనిది ఆమె ఒక్కతే."

ఇంత సంతోషం, ఇంత భయం ఒకేసారి వస్తాయని ఐజాన్ ఎరగదు. ఫర్హాన్ తండ్రి దగ్గరికి వచ్చి, కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. అమీర్ అలీ అతన్ని చూడలేదు. లేచి వెళ్లిపోనూ లేదు.

రుక్కమ్మ ఏదో అనబోతే భిక్షం చేత్తో ఆపాడు. ఆ తర్వాత ఫర్హాన్‌ను కాదు, అమీర్ అలీని కాదు, ఐజాన్‌ను అడిగాడు.

"అయితే చెప్పమ్మా. మీ ఆయన మూడుసార్లు రాసినా కాలే. అదంత నువ్వు కండ్లతోటి చూసినవ్. రేపు నీ కడుపుల పుట్టిన బిడ్డయితే ఆడికి పంపుతవా?"

పంపనంటే స్రవంతి కలతో పాటు, గోడవతల కోచింగ్ గదికి కూడా ఈ రాత్రికే తాళం పడుతుంది. పంపుతానంటే భిక్షం నమ్ముతాడు. ఈ ఇంట్లో అందరికంటే ఆమె మాటనే ఇప్పుడు ఎక్కువ నమ్ముతాడు.

ఐజాన్ ఫర్హాన్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఈ జవాబు ఆమె బదులు చెప్పగలవాడు ఇంట్లో ఎవరూ లేరు.

"చెప్తా కాకా. ఉన్నది ఉన్నట్టే చెప్తా," అంది ఆమె. "స్రవంతిని జర బయటికి పంపు."

"వద్దు మేడం," అంది స్రవంతి. "నా ముంగటనే చెప్పు."